లీటరుకు ఇరవై ఐదు

శ్రీకాకుళం ఊరి చివర హైవే మీదున్న బంకులో పరంజ్యోతి నాలుగు రోజులకోసారి డీజిలు కొట్టించేవాడు. ప్రతిసారీ రెండు బిల్లులు. బండి కదిలేది కాదు, గొట్టం ట్యాంకులోంచి తీసేవారు కాదు. ఆఫీసు ఇచ్చిన ఇండెంటు కాగితం మీద రాసిన లీటర్లు పడగానే బంకు మనిషి మీటరును మళ్లీ సున్నాకి తెచ్చేవాడు. అక్కణ్ణుంచి పడే ప్రతి చుక్కా పరంజ్యోతి జేబులోది. ఆ బండిలో తిరిగేది ప్రభుత్వ అధికారి. తిరిగేది ప్రభుత్వ పని మీద. డీజిలు మాత్రం మూడో వంతు పైగా డ్రైవరు కొనాలి.

ముప్పై రెండు నెలలు ఇలా కొన్నాడు. ఒక్క రోజూ నోరెత్తలేదు. సారు సంతకం పెట్టే పెన్నులో సిరా అటెండరు జీతంలోంచి పోయించమంటే ఆఫీసంతా లేచి కూర్చోదూ? బండి నడిపేవాడి దగ్గరకొచ్చేసరికి ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. లాగ్ బుక్కులో సంతకం పెట్టి దిగిపోయిన ఏ ఒక్కరూ "ఇందులో డీజిలెలా సరిపోతోందయ్యా?" అని అడగలేదు. ఆ సంగతికే ఒళ్లు మండుతుంది. అతను నోరెత్తకపోవడానికి కారణం తెలిశాక ఇంకా మండుతుంది.

పరంజ్యోతిది పాతపట్నం. తండ్రి పాల్, ఒడిశా సరిహద్దు దాటి పర్లాకిమిడి మిల్లులకు వెళ్లే ధాన్యం లారీలకు బస్తాలెత్తేవాడు. కొడుకు పదహారో ఏట అవే లారీల్లో క్లీనరుగా ఎక్కాడు. ఆ లారీల్లో ఒక పద్ధతి ఉండేది. ట్రిప్పుకి ఇంత అని ఓనరు డీజిలు కొలిచి పోసేవాడు. వెనక్కి వచ్చాక ట్యాంకులో ఏమైనా మిగిలితే అది డ్రైవరుది. అందుకని డీజిలు మిగల్చడమే ఆ డ్రైవర్లకు పెద్ద విద్య. పరంజ్యోతికి ఆ విద్య నేర్పిన లారీ డ్రైవరు ఎర్రన్న అనేవాడట:

"యాక్సిలేటరు తొక్కీది కాదురా. నిద్దరోతన్న పసిగుంట కడుపు మీద సెయ్యేసినట్టు కాలెయ్యాల. గుంట లెగకూడదు, బండి ఆగకూడదు."

పల్లం వస్తే న్యూట్రల్. దూరంగా గేదె కనపడితే బ్రేకు దాకా వెళ్లకుండా అప్పుడే కాలు తీసేయడం. ఎత్తు రాకముందే ఊపు తీసుకోవడం. ముప్పై ఏళ్లు అలా నడిపాడు. లారీలు వదిలి కారు కొనుక్కుని శ్రీకాకుళం వచ్చేశాక, ఆర్టీసీ కాంప్లెక్సు పక్క టాక్సీ స్టాండులో అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచింది లేదు. "మైలేజీ బావ" అనేవారు. మరొకరు లీటరుకు పదహారు తెచ్చిన బండితో అతను పందొమ్మిది తెచ్చేవాడు. పందెం ఓడినవాడు టీ పోయించాలి. భావనపాడు నుంచి వచ్చి ఆ స్టాండులో బండి నడుపుకునే ఈశ్వర్ ఎక్కువ టీలు పోయించినవాడు. చేపల వేట మానేసి స్టీరింగు పట్టుకున్నవాడు కాబట్టి నోరు సముద్రమంత.

"నీ బండికి డీజిలెందుకు బావా? ఓ సీసాడు అగరు నూనె రాసి ముద్దెట్టుకో, రాజమండ్రి దాకా పోతాది."

ఇలాంటి మనిషికి హైబ్రిడ్ కారు తగిలింది.

రెండువేల పదిహేను చివర్లో ఒక శాఖ జిల్లా ఆఫీసు అద్దె వాహనాలు కావాలని ప్రకటన వేసింది. హైబ్రిడ్ బండ్లకు ప్రాధాన్యం ఇస్తామని అందులో ఒక వాక్యం. నెలనెలా ఖాయంగా అద్దె వస్తుందంటే టాక్సీవాడికి పండగే. పరంజ్యోతి పాత కారు అమ్మి, ఫైనాన్సు పెట్టి, డీజిలు ఇంజనుకు తోడు చిన్న విద్యుత్తు మోటారు తగిలించిన ఏడు సీట్ల కారు కొన్నాడు. కంపెనీ పేరు నాకు అనవసరం. విశాఖపట్నం షోరూములో అమ్మకాల కుర్రాడు గడగడా చెప్పుకుపోయాడట. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను తనంత తనే ఆగిపోతుంది. క్లచ్చి తొక్కితే తనే లేస్తుంది. బండి నెమ్మదించేటప్పుడు బ్యాటరీ చార్జి అవుతుంది. ఆ చార్జితో మళ్లీ కదిలేటప్పుడు ఇంజనుకు సాయం అందుతుంది. లీటరుకు ఇరవై నాలుగున్నర.

పరంజ్యోతి ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"మా సికాకులంలో సిగ్నల్లెన్నున్నాయో తెలుసా బాబూ?"

కుర్రాడు నవ్వి, తాళాలు చేతిలో పెట్టి, కేకు కోయించి, ఫోటో తీసి పంపించేశాడు. ఎలా నడపాలో రాసిన పుస్తకం రెండు వందల పేజీలు, అంతా ఇంగ్లీషు. అది ప్లాస్టిక్ కవరు విప్పకుండానే డ్యాషుబోర్డు అరలోకి పోయింది. బండి అమ్మినవాడికి కొన్నవాడి భాషలో నాలుగు మాటలు రాసిచ్చే బాధ్యత లేదా? లేదట. కేకు కోయించే బాధ్యత ఉంది.

హైబ్రిడ్ బండి టాక్సీకి గిట్టుతుందా? ఆ కారు చూసిన ప్రతివాడూ పరంజ్యోతిని అడిగిన ప్రశ్న ఇది. గిట్టే చోట గిట్టుతుంది. హైదరాబాదులాంటి ఊళ్లో, అడుగడుక్కీ ఆగుతూ కదులుతూ పోయే రద్దీలో, ఆగిన ఇంజను తాగని డీజిలు రోజూ కొంత మిగులుతుంది. మా రణస్థలం నుంచి పలాస దాకా హైవే మీద బండి ఆగేది టోలుగేటు దగ్గరే. పల్లెదారుల్లో ఆగేది మేకల మంద కోసం. రైలు గేటు పడితే ఇంజను ఆగుతుంది, నిజమే. దాంతోపాటు చల్లగాలీ ఆగుతుంది. వెనక సీట్లోంచి "ఏమయ్యా, ఏసీకేమైంది?" అని వినబడుతుంది. అప్పుడు ఆ సదుపాయాన్ని ఆపేసే మీట నొక్కి ఇంజను మళ్లీ లేపాలి. దేనికోసం ఎక్కువ ధర పెట్టి కొన్నాడో దాన్నే రోజూ తన వేలితో తనే ఆపుకోవాలి.

పోనీ, ఎంతో కొంత మిగిలిందే అనుకుందాం. ఎవరికి మిగిలింది? డీజిలు డబ్బు ఇచ్చేవాడికి. ధర ఎక్కువ పెట్టింది పరంజ్యోతి. మామూలుదానికి మూడింతలుండే బ్యాటరీ పోతే మార్చుకోవలసింది పరంజ్యోతి. తగ్గిన డీజిలు బిల్లు ఆఫీసుది. "పర్యావరణ హిత వాహనం వాడుతున్నాం" అని నివేదికలో రాసుకునే గొప్ప కూడా ఆఫీసుదే. కష్టం ఒక చేతిదీ లాభం ఇంకో చేతిదీ అయిన ఇలాంటి లెక్కను పల్లెల్లో ఏమంటారో మీకు తెలుసు. ఆఫీసుల్లో దాన్ని ఒప్పందం అంటారు.

ఆ ఒప్పందంలో డీజిలు లెక్క ఇది: నెలలో బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లాగ్ బుక్కులో చూస్తారు. లీటరుకు ఎంత ఇస్తుందో ఒకసారి పరీక్ష పెట్టి తేలుస్తారు. ఆ అంకెతో భాగించి వచ్చినన్ని లీటర్లకే ఇండెంటు. పరీక్షలో తేలిన అంకె ఒప్పందం ఉన్నంతకాలం మారదు.

రెండువేల పదహారు ఫిబ్రవరిలో పరీక్ష పెట్టారు. పొద్దున్న ఆరున్నర. హైవే ఖాళీ. బండి ఖాళీ. ఏసీ బందు. కొలతలు చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు వెనక, ఆఫీసు సూపరింటెండెంటు జగన్నాధం ముందు సీట్లో. బంకులో ట్యాంకు మూతి దాకా నింపారు. బయల్దేరేముందు జగన్నాధం సరదాకి ఒక మాటన్నాడు.

"ఏమయ్యా పరంజ్యోతీ, స్టాండులో నిన్ను మైలేజీ బావ అంటారట గదా. సూద్దాం, ఏపాటి బావవో!"

అంతే, అక్కడే అంతా అయిపోయింది. ముప్పై ఏళ్ల చదువుకు ఎవరో మొదటిసారి పరీక్ష పెట్టినట్టయింది పరంజ్యోతికి. ఆ పరీక్ష తన కడుపు మీద అని తోచలేదు. షర్టు చేతులు మడిచాడు. చెప్పులు విప్పి సీటు కిందకి తోసేశాడు. ఒట్టి పాదంతో పసిగుంట కడుపు మీద చెయ్యేసినట్టు నడిపాడు. ఎచ్చెర్ల, రణస్థలం, పైడిభీమవరం దాకా పోయి వెనక్కి. వంతెనల మీంచి దిగేటప్పుడల్లా న్యూట్రల్. వెనక సీట్లో ఇన్‌స్పెక్టరుకు కునుకు పట్టింది.

రానూపోనూ తొంభై కిలోమీటర్లు. మళ్లీ మూతి దాకా నింపితే మూడు లీటర్ల ఆరు వందల మిల్లీలీటర్లు పట్టింది.

"ఇరవై ఐదు!" అన్నాడు జగన్నాధం. "ఓర్నాయనో! కంపెనీవాడు రాసిందానికన్నా ఎక్కువొచ్చిందయ్యా!"

పరంజ్యోతి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగులోనే కాగితం మీద సంతకం పెట్టాడు. స్టాండుకు వచ్చి అందరికీ తన డబ్బుతో మిరపకాయ బజ్జీలు తినిపించాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ తొంభై కిలోమీటర్లలో సిగ్నలు లేదు కాబట్టి ఇంజను ఒక్కసారీ తనంత తను ఆగలేదు. పల్లంలో న్యూట్రల్ చేసి వదిలేస్తే బ్యాటరీ చార్జయ్యే పనీ సరిగ్గా జరగదు, అలా నడపవద్దని ఆ విప్పని పుస్తకంలో ఇంగ్లీషులో ఉంది. అంటే ఆ ఇరవై ఐదులో హైబ్రిడ్ వాటా దాదాపు ఏమీ లేదు. అది బండి ఇచ్చిన మైలేజీ కాదు, ఒక మనిషి పాదం ఇచ్చినది. ఆఫీసు దాన్ని బండి పేరున రాసి ముద్ర వేసింది.

మొదటి నెల తిరగగానే దెబ్బ తెలిసింది. రెండువేల నాలుగు వందల కిలోమీటర్లు తిరిగింది. ఆఫీసు లెక్కన తొంభై ఆరు లీటర్లు. బండి తాగింది నూట యాభై. ఏసీ ఆగకూడదు, సారుతో మరో నలుగురు, ఫైళ్ల పెట్టెలు, గోతుల రోడ్లు, "తొందరగా పోనీ" అన్న అదిలింపులు. వాటి మధ్య దేవదూత దిగొచ్చి నడిపినా లీటరుకు పదహారు దాటదు. తేడా యాభై నాలుగు లీటర్లు. అప్పుడు డీజిలు లీటరు యాభై దగ్గరుంది. ఈ రెండువేల పద్దెనిమిది అక్టోబరుకు ఎనభై. అంకె మాత్రం ఇరవై ఐదు దగ్గరే.

స్టాండులో ముందుగా పసిగట్టింది ఈశ్వర్.

"బావా, నువ్వు బంకులో రెండు బిల్లులు తీస్తన్నావంట, నిజమేనా?"

"ఎవుడు సెప్పినాడు?"

"ఎవుడు సెప్తే ఏటి? అర్థమయింది. బండి రాయాల్సిన పరీచ్చ నువ్వు రాసేసినావు బావా! ఫస్టుక్లాసు తెచ్చీసినావు. ఫీజు కూడా నువ్వే కట్టు."

పరంజ్యోతి నవ్వలేదు. "ఇంట్లో సెప్పకు" అన్నాడు. తను మోసపోయానని అతను అనుకోలేదు. తన గొప్పే తనను ముంచిందని అనుకున్నాడు. ఎవరి దగ్గరికెళ్లి ఏమని మొరపెట్టుకుంటాడు? "అయ్యా, నేను చాలా బాగా నడిపాను, క్షమించండి" అనా? పనితనం ఉన్నవాడు తన పనితనానికి సిగ్గుపడేలా చేసిన లెక్క ఇది. అన్యాయాన్ని భరించడానికి భయం ఒక్కటే కారణం కానక్కర్లేదు. కొన్నిసార్లు అభిమానం చాలు. ఆ సంగతి ఆఫీసులకు బాగా తెలుసు.

ఈ అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకరిచాయి. కరెంటు లేదు, మంచినీళ్లు లేవు. పరంజ్యోతి బండి పొద్దున్నే సారును ఎక్కించుకుని పలాస వైపు పోయేది. పడిన చెట్ల మధ్య మొదటి గేరు, రెండో గేరు. దారి లేక వెనక్కి తిరగడాలు. మందస దగ్గర ఒక ఊళ్లో నష్టం జాబితాలు రాస్తుంటే బండిని బడి ముందు నిలిపి ఇంజను తిప్పుతూనే ఉంచమన్నారు. ల్యాప్‌టాప్ చార్జింగు బండి మీదే, ప్రింటరు బండి మీదే, సిబ్బంది ఫోన్లు బండి మీదే. ఊరివాళ్లు కూడా ఫోన్లు పట్టుకొచ్చారు. ఒక ముసలామె, పేరు గురమ్మ, కొడుకు నంబరు ఫోన్లోనే ఉంది, ఫోను చచ్చిపోయింది.

"నాయనా, ఒక్క గీత సార్జీ ఎక్కితే సాలు. బతికున్నానని సెప్పేస్తాను."

చార్జరు నుంచి సారు ఫోను తీసి పరంజ్యోతి ఆమె ఫోను పెట్టాడు. నాలుగు గంటలపాటు ఇంజను తిరుగుతూనే ఉంది. లాగ్ బుక్కులో ఆ నాలుగు గంటలకు రాసిన దూరం సున్నా. సున్నాను ఇరవై ఐదుతో భాగిస్తే ఎంతో మూడో తరగతి పిల్లలు చెబుతారు.

అలా వారం రోజులు. ఏడో రోజు టెక్కలి దగ్గర బండి మొరాయించింది. హైబ్రిడ్ బ్యాటరీ పోయింది. కొత్తది విశాఖపట్నం నుంచి తెప్పించాలి, నాలుగు రోజులు పడుతుంది, డబ్బు పరంజ్యోతి పెట్టుకోవాలి. "రేపు పొద్దున్నకి బండి లేకపోతే వేరేది చూసుకుంటాం" అని ఆఫీసు నుంచి కబురు. ఊళ్లో మెకానిక్కు మామూలు బ్యాటరీ బిగించి పంపేశాడు. డ్యాషుబోర్డు మీద ఒక పసుపు దీపం వెలిగింది, ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. బండిలో హైబ్రిడ్ చచ్చిపోయింది. ఆఫీసు కాగితం మీద మాత్రం నిక్షేపంగా బతికుంది.

పరంజ్యోతి భార్య ఏసమ్మ హాస్టల్లో వంట చేస్తుంది. వాళ్లది బాప్టిస్టు సంఘం. ప్రతి నెలా మొదటి ఆదివారం దశమభాగం కవరులో పెట్టి గుడిలో ఇవ్వడం ఆ ఇంటి అలవాటు. ఆఫీసు ఇచ్చే అద్దెలో పదో వంతు. చేతికొచ్చిన అద్దెకు లెక్క కట్టేవాడు పరంజ్యోతి, అందులో ఎంత బంకులో కాలిపోతోందో తీసివేయకుండా. దేవుడి దగ్గర లెక్క తగ్గించి చెప్పడం అతనికి చేతకాదు. ఈ నవంబరు మొదటి ఆదివారం ఏసమ్మ కవరు పట్టుకుని చూస్తే తేలిగ్గా ఉంది.

"ఏటయ్యా, కాళీ కవరిచ్చినావు?"

"ఈ నెల నేదే."

"నేదంటే? ఆఫీసోలు అద్దివ్వనేదా?"

"ఇచ్చినారు."

"మరేటయ్యింది?"

"కాలిపోనాది."

ఆమె గుడికని నెత్తిన వేసుకున్న కొంగు తీసేసి అతని ఎదురుగా కూర్చుంది. ఆరాధన మొదలయ్యే వేళ దాటిపోయింది. ఆ పూట ఇద్దరూ గుడికి వెళ్లలేదు. ముప్పై రెండు నెలల సంగతి మొదటి బజ్జీ నుంచి చివరి బ్యాటరీ దాకా చెప్పించుకుంది. అంతా విని ఒకే మాట అడిగింది.

"బాగా తోలినందుకు జురమానాయేటయ్యా? ఏ ఊరి నాయమిది?"

మర్నాడు హాస్టల్లో సెలవు చెప్పి తనే ఆఫీసుకెళ్లింది. జగన్నాధం చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"బాబూ, తుఫానప్పుడు మందస కాడ మీ బండి నాలుగ్గంటలు నిలబడి ఇంజను తిరిగినాది. మీ బుక్కులో ఎన్ని కిలోమీటర్లు రాసినారు?"

"నిలబడ్డ బండికి కిలోమీటర్లేటమ్మా? సున్నా."

"సున్నాకి డీజిలెంత?"

"సున్నాయే."

"మరి ఆ నాలుగ్గంటలూ మా బండి నీళ్లు తాగినాదా బాబూ?"

పక్క బల్లల దగ్గర ఒకరిద్దరు నవ్వారు. జగన్నాధం నవ్వలేదు.

"నన్నేటి సెయ్యమంటావు తల్లీ? రూలు అలగుంది."

"రూలు రాసినోడు కారెక్కినాడా ఎప్పుడైనా? ఎక్కుంటే ఏ సీట్లో కూకున్నాడు?"

జగన్నాధం ఒక దారి చెప్పాడు. మళ్లీ పరీక్ష పెట్టమని అర్జీ ఇవ్వవచ్చు. ఏసమ్మ అక్కడే కాగితం అడిగి అర్జీ రాయించి, సాయంత్రం పరంజ్యోతి చేత సంతకం పెట్టించింది. పది రోజులకు జవాబు వచ్చింది. డిసెంబరు మూడు, సోమవారం, పొద్దున్న ఆరున్నరకు తిరిగి పరీక్ష. అదే హైవే. ఖాళీ బండి. ఏసీ బందు. సారు ఏనాడూ ఆ వేళకు, ఆ రోడ్డు మీద, అలా ప్రయాణం చేయలేదు. అయినా బండి ఎంత తాగుతుందో అక్కడే తేలుస్తారట! కూలివాడికి పొద్దున్నే, చలవలో, ఖాళీ గంప నెత్తిన పెట్టి నడిపించి, ఇతను రోజుకు ఇంత దూరం నడవగలడు కాబట్టి ఇక మీదట బస్తాతో కూడా అంతే నడవాలి అన్నట్టు.

ఈశ్వర్‌కు మాత్రం ఇదంతా చాలా తేలిగ్గా తోచింది.

"ఏటుంది బావా ఇందులో? ఈసారి సెడగొట్టి తోలు. పది తెప్పించు. పీడాపోద్ది."

ఒక మధ్యాహ్నం బండిని బైపాసు మీదకి తీసుకెళ్లి పక్కన కూర్చుని పాఠం మొదలెట్టాడు.

"మూడో గేరులో ఉంచు. తొక్కు. ఇంకా తొక్కు. ఇప్పుడు బ్రేకెయ్యి. మళ్లీ తొక్కు. నిన్న లైసెన్సొచ్చిన గుంటడిలాగ తోలు బావా! ఏటది, కాలు తీసేసినావు?"

"నాను తియ్యనేదురా. అదే లేసిపోనాది."

"నీ కాలే నీ మాటినకపోతే ఏసమ్మప్ప ఏటింటాది నీ మాట? తొక్కు!"

ఎదురుగా లారీ నెమ్మదిస్తే ఫర్లాంగు ముందే పాదం తేలిపోయింది. పల్లం రాగానే చెయ్యి గేరు మీదకి పోయింది. అరగంట అయ్యేసరికి ఈశ్వర్ తల పట్టుకున్నాడు. పరంజ్యోతి బండిని పక్కకు తీసి ఆపాడు.

"ఒగ్గీరా ఈశ్వరూ. ముప్పయ్యేళ్లు నాకు కూడెట్టింది ఈ కాలు. దీని సేత దొంగసాచ్చికం సెప్పించలేను. నాను అలగే తోల్తాను, నాకు వొచ్చినట్టే. ఆళ్లనే నిజం రోడ్డు మీదకి రమ్మను."

ముప్పై రెండు నెలల్లో అతను గట్టిగా మాట్లాడిన మొదటి మాట అదే. మర్నాడు రెండో అర్జీ ఇచ్చాడు, ఈసారి తన చేత్తో రాసి. అందులో ఉన్నది ఇంతే: పరీక్ష సారు తిరిగే రోడ్డు మీద పెట్టండి. నరసన్నపేట మీదుగా సారవకోట, పాతపట్నం, వెనక్కి. సారు తిరిగే వేళకు, సారు తిరిగేటప్పుడు ఉండే ఏసీతో, సారుతో ఎక్కేంతమంది మనుషులతో. నేను ఎంత బాగా నడపగలనో అంత బాగా నడుపుతాను. అక్కడ తేలిన అంకెకు కట్టుబడి ఉంటాను.

ఇంతకన్నా న్యాయంగా ఎవరైనా ఎలా అడుగుతారు? ఇది రాస్తున్న రోజుకి జవాబు రాలేదు. రాకపోతే సోమవారం పొద్దున్న ఆరున్నరకు ఆ ఖాళీ హైవే మీదే పరీక్ష జరుగుతుంది. పరంజ్యోతి పాదం తనకు తెలిసినట్టే నడుపుతుంది. మళ్లీ ఇరవై ఐదుకు దగ్గరగా ఏదో అంకె వస్తుంది. ఈసారి ఆ అంకె పడితే బండిని ఫైనాన్సు వాళ్లకు అప్పగించడం తప్ప దారి లేదని ఏసమ్మ చెప్పింది. ఏడవకుండా చెప్పింది. కోపంగా చెప్పింది.

అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను.

మీలో అద్దె బండ్లలో తిరిగే ఉద్యోగులు చాలామంది ఉంటారు. లాగ్ బుక్కు మీకు తెలుసు. చివర్లో "రిమార్కులు" అని ఒక గడి ఉంటుంది, ఎప్పుడూ ఖాళీయే. రేపు సంతకం పెట్టేముందు ఆ గడిలో, బండి నిలబడి ఇంజను తిరిగిన గంటలెన్నో, ఎంతమంది ఎక్కారో రాయండి. అరనిమిషం పని. మీ చేతిరాతలో ఉన్నది రేపు ఒక డ్రైవరుకు సాక్ష్యం. డ్రైవర్లారా, రెండో బిల్లు తీసేవాళ్లు ఒక్క పరంజ్యోతే కాదని స్టాండులో అందరికీ తెలుసు. మీ బిల్లులు పారేయకండి. పట్టుకుని రండి.

ఎక్కడికంటారా? డిసెంబరు మూడు, సోమవారం, పొద్దున్న ఆరు గంటలకు సింహద్వారం దగ్గరికి, హైవే ఎక్కే చోటికి. మొదటి పరీక్షలో పరంజ్యోతి పక్కన అతని మనిషి ఒక్కడూ లేడు. ఈసారి ఉండాలి. పరీక్షలో బండి ఖాళీగా ఉండాలంటున్నారు కదా. ఏడు సీట్ల బండి. డ్రైవరు, ఇన్‌స్పెక్టరు, జగన్నాధం పోగా నాలుగు సీట్లు మిగులుతాయి. వచ్చి ఎక్కి కూర్చోండి. దిగమంటే, సారు ఎక్కినప్పుడు ఈ సీట్లు ఖాళీగా ఉంటాయా అని అడగండి. ఏసీ వేయించండి. పాతపట్నం రోడ్డు వైపు తిప్పమనండి. సీటు దొరకనివాళ్లు రోడ్డు పక్కన నిలబడండి.

ఏసమ్మ ముందే వచ్చి ఒక సీట్లో కూర్చుంటానంది. ఇంకా మూడు ఉన్నాయి.